ముసురా, జడివానా?

డాలస్‌కు ఉత్తరాన ఒక శివారులో మా మేనకోడలి ఇల్లు. ఆగస్టు నెల. నేను దిగిన మూడోరోజు, మన ఊరి గడియారం ఇంకా ఒంట్లోంచి దిగక, తెల్లవారుజామున ఐదింటికే లేచి వాకిట్లోకొచ్చి కూర్చున్నాను. అప్పటిదాకా ఏమీ కనిపించని పచ్చికలోంచి బుస్సుమంటూ అరడజను నల్ల గొట్టాలు ఒక్కసారిగా తలెత్తాయి. ఒక్కొక్కటీ గొడుగు విప్పినట్టు నీళ్ళు చిమ్మింది. వీధిదీపం వెలుతురులో చూడముచ్చటగా ఉంది. ఆ ముచ్చట ఐదు నిమిషాలే. తర్వాత గడ్డి అంచు నుంచి సన్నటి ధార కాలిబాట దాటి రోడ్డు పక్క కాలువలోకి పాకింది. పది నిమిషాలకు పిల్లవాగయింది. ఆ వాగుకు పట్టుమని పది అడుగుల దూరంలో, పచ్చిక నడుమ, చాపంత మేర గడ్డి ఎండి గోధుమరంగుకు తిరిగి ఉంది.

కాఫీ చేతికిస్తూ మా మేనకోడలు, "చూశావా మామయ్యా, అక్కడ నీళ్ళు చాలట్లేదు. టైమర్‌లో ఇంకో పది నిమిషాలు పెంచేస్తే సరి," అంది.

పెంచితే కాలువలోకి ఇంకో పది నిమిషాలు నీళ్ళు పోతాయి. ఎండిన చాపకు ఒరిగేది తక్కువ. లోపం గడియారంలో లేదు. ఆ గొట్టాల నెత్తిన మర బిగించి ఉన్న, బొటనవేలి కొసంత ప్లాస్టిక్ ముక్కలో ఉంది. దాన్ని నాజిల్ అంటారు. రెండు మూడు డాలర్లు పెడితే వస్తుంది. పైపులకు, కవాటాలకు, ఫోనుతో నడిచే కంట్రోలర్‌కు వేల డాలర్లు పోసినవాళ్ళు కూడా ఈ ముక్కను మాత్రం పనివాడి సంచిలో ఏది దొరికితే అది పెట్టించుకుంటారు.

వంగి గడ్డి చూశాను. వాళ్ళు బెర్ముడా గ్రాస్ అంటారు. గణుపు గణుపుకూ వేరు వేస్తూ పాకే మన గరికే అది. వినాయకచవితికి జంటలు జంటలుగా ఏరి పూజలో పెట్టే గరికను ఇక్కడ చాపల్లా చుట్టి అమ్ముతారు, వారం వారం మిషనుతో క్షవరం చేస్తారు. కింద మట్టి కూడా చుట్టమే. డాలస్ చుట్టూ ఉన్న బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీలోది నల్లమట్టి. హ్యూస్టన్ బ్లాక్ అనే మట్టిని టెక్సాస్ రాష్ట్రానికి ప్రతినిధి మృత్తికగా చెబుతారు కూడా. మృత్తికా శాస్త్రం దాన్ని వర్టిసాల్ అనే జాతిలో వేస్తుంది. మన పత్తి చేల నల్లరేగడీ ఆ జాతే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేతులు దూరేంత బీటలిస్తుంది. ఆ ఉబ్బుకూ కుంగుకూ గోడలు పగలకుండా డాలస్‌లో ఎండాకాలం పునాదుల చుట్టూ చెమ్మపైపు పరిచి ఇంటికి నీళ్ళు పెడతారు. చెట్టుకు నీళ్ళు పోయడం విన్నాం గానీ ఇంటికి పోయడం నేను అక్కడే చూశాను.

రేగడి నీళ్ళు తాగే తీరు ఆదిలాబాదు రైతునడిగితే చెబుతాడు. బీటలున్న పొడి రేగడి మొదటి జల్లును గటగటా మింగుతుంది. కాసేపటికి ఉబ్బి బీటలు మూసుకుంటాయి. ఆ తర్వాత బంకమట్టి గంటకు 1 నుంచి 5 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ ఇంకించుకోదు. బంక కలిసిన గరప నేల 5 నుంచి 10, గరప నేల 10 నుంచి 20, ఇసుక కలిసిన చెల్క 20 నుంచి 30, ఉత్త ఇసుక 30కి పైన. అంతకంటే వడిగా పడిన నీరు ఎంత పవిత్రమైనదైనా పల్లానికే పోతుంది.

మన రైతులు వానను కురిసిన తీరుతో పిలుస్తారు. తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత. రెండు వానలను పోల్చి చూస్తే ఒకే కొలత రావచ్చు. కానీ రెండురోజుల ముసురు చేనుకు పదునిస్తుంది, అరగంట జడివాన గట్లు తెంపి చెరువు నింపుతుంది. స్ప్రింక్లర్ నాజిల్ కొనేటప్పుడు దుకాణంలో అడగవలసింది కూడా ఇదే: ఇది కురిపించేది ముసురా, జడివానా? అందరూ అడిగేది మాత్రం ‘ఎంత దూరం పడుతుంది?’ అని.

కొలతకు పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు. చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్ళు సమంగా పరిస్తే దాని లోతు సరిగ్గా ఒక మిల్లీమీటరు. అంటే ఒక నాజిల్ గంటకు చిమ్మే లీటర్లను అది తడపవలసిన చదరపు మీటర్లతో భాగిస్తే గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వానో వస్తుంది. మా మేనకోడలి ఇంట్లో ఉన్నవి అమెరికాలో ఎక్కడ చూసినా కనిపించే 15 అడుగుల రకం, విసనకర్రలా పలచటి పొరగా చిమ్మేవి. ఇందులో నిండు వృత్తం తడిపేది నిమిషానికి సుమారు 14 లీటర్లు వదులుతుంది. 15 అడుగులంటే 4.6 మీటర్లు. గొట్టానికీ గొట్టానికీ కూడా అంతే ఎడం ఉంచి చదరాలుగా పాతితే ఒక్కో నాజిల్ వాటాకు 21 చదరపు మీటర్లు వస్తాయి. గంటకు 840 లీటర్లు, 21 చదరపు మీటర్లు: 40 మిల్లీమీటర్లు. గంటకు నాలుగు సెంటీమీటర్ల వాన హైదరాబాదు మీద కురిస్తే టీవీల్లో చెబుతారు. అంత వానను, గంటకు 5 మిల్లీమీటర్లు తాగే మట్టి మీద, డబ్బిచ్చి కురిపిస్తున్నారన్నమాట.

నాజిల్ నెత్తి మీద చిన్న అక్షరాలుంటాయి, కళ్ళజోడు పెట్టుకుని చదవాలి. 15 ఎఫ్ అంటే 15 అడుగులు, నిండు వృత్తం. 15 హెచ్ అంటే సగం. 15 క్యు అంటే పావు, స్థలం మూలన పెట్టేది. నిండుది నిమిషానికి 14 లీటర్లు వదిలితే సగానిది 7, పావుది మూడున్నర. తడిపే నేల సగమైతే నీళ్ళూ సగం, పావైతే పావు. అందుకని మూల, అంచు, నడుమ, మూడుచోట్లా ఒకే వాన. దూరాలకూ ఇదే పాటించారు. 10 అడుగుల నిండు నాజిల్ నిమిషానికి 6 లీటర్లే వదులుతుంది. దూరం ఒకటిన్నర రెట్లయితే నేల రెండుంపావు రెట్లవుతుంది కదా, 6కూ 14కూ ఉన్న నిష్పత్తి దాదాపు అదే. ఈ ప్లాస్టిక్ ముక్కల్లో నాకు అన్నిటికంటే ముద్దొచ్చే సంగతి ఇది. వర్గసూత్రాన్ని రంధ్రంగా తొలిచి అమ్ముతున్నారు.

ఇంత ఏర్పాటును చెడగొట్టడానికి ఒక్క రిపేరు చాలు. టార్చిలైటు పట్టుకుని ఆరు తలలూ చదివాం. గరాజు మూలన 15 క్యు ఉండాలి, 15 హెచ్ ఉంది. అందులోంచి వచ్చే నీటిలో సగం కంచె చెక్కల మీదికి పోతోంది. ఎండిన చాపకు దగ్గర్లోని గొట్టం మీద 15కు బదులు 10 ఉంది. గడ్డి కోసే మిషను తగిలి పాతది విరిగితే ఎవరో ఉన్నదేదో బిగించి పోయారు. 15 అడుగుల ఎడంలో ఉన్న గొట్టం 10 అడుగులే చిమ్ముతుంటే మిగిలిన ఐదడుగులకు నీళ్ళెవరిస్తారు?

పక్కవాడి గొట్టం ఇస్తుంది గదా అనిపిస్తుంది. అందుకే ఎడం గురించి చెప్పాలి. కొత్తవాళ్ళు 15 అడుగులు చిమ్మే రెండు గొట్టాల మధ్య 30 అడుగులు వదులుతారు, వృత్తాలు అంచులు రాసుకుంటే చాలని. కాగితం మీద సరిపోతుంది. కానీ ఏ నాజిలూ తన వృత్తం నిండా ఒకే తీరున కురవదు. మొదట్లో ఎక్కువ, అంచుకు పోయేకొద్దీ తగ్గుతూ చివరికి నామమాత్రం. ఒక ఏటవాలు గట్టు అనుకోండి. అలాంటి రెండు గట్లను ఎదురెదురుగా, ఒకదాని కొస రెండోదాని మొదలుకు తగిలేలా జరిపితే ఇటు తగ్గినంత అటు పెరిగి పైన మట్టంగా సమతలం వస్తుంది. కాబట్టి ఒక గొట్టం నీళ్ళు పక్క గొట్టం నెత్తిన పడాలి. గాలి ఎక్కువున్న చోట ఎడం ఇంకా తగ్గించాలి. ఒక్క గొట్టంతో ఏ నాజిలూ సమంగా తడపలేదు. జంటగా పని చేయడానికే వాటిని తయారుచేస్తారు.

ఇక ఒత్తిడి. ఈ విసనకర్ర నాజిళ్ళను 30 పిఎస్‌ఐ దగ్గర పని చేసేలా తయారుచేస్తారు. కారు టైరులో కొట్టించే గాలి ఇంచుమించు అంతే. నీటి భాషలో చెప్పాలంటే 21 మీటర్ల ఎత్తున, అంటే ఏడంతస్తుల మేడ మీద ట్యాంకు పెడితే కింద పంపులో వచ్చేంత. గెలీలియో శిష్యుడు టొరిచెల్లి 1644లో అచ్చువేసిన పుస్తకంలో రంధ్రంలోంచి దూకే నీటి వేగం గురించి ఒక మాట చెప్పాడు: అంత ఎత్తు నుంచి కిందపడ్డ వస్తువుకు ఎంత వేగం వస్తుందో నీటికీ అంతే. 21 మీటర్లకు లెక్క కడితే సెకనుకు 20 మీటర్లు, గంటకు 70 కిలోమీటర్ల పైచిలుకు. ఆ వేగంతో 30 డిగ్రీల వాలున విసిరిన రాయి, గాలి అడ్డు లేకపోతే, 36 మీటర్ల దూరంలో పడాలి. మన నాజిల్ చిమ్మేది నాలుగున్నర మీటర్లు. నాజిల్ గోడలకు తగిలి కొంత శక్తి పోయినా, మిగతా అంతా ఎవరు దోచారు?

గాలే. పలచటి పొరగా బయటికొచ్చిన నీరు క్షణంలో చినుకులుగా చితుకుతుంది. నీటి తలతన్యత ఊరుకోదు, పొడవాటి ధార తన చుట్టుకొలతను మించి సాగితే బొట్లుగా తెగిపోవడానికే చూస్తుంది. ఈ సంగతి తేల్చినవాడు బెల్జియం భౌతికశాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో. గ్రీకు తత్వవేత్తకూ ఈయనకూ సంబంధం లేదు. 1873లో పుస్తకం వేసేనాటికి ఆయన చూపు పోయి చాలా ఏళ్ళయింది. ఇంటివాళ్ళూ శిష్యులూ ప్రయోగం చేస్తూ కనిపించింది చెబుతుంటే ఆయన ఆలోచించి పెట్టాడు. సరే, చినుకు ఎంత చిన్నదైతే గాలికి అంత లోకువ. అడ్డకొలత రెండింతలైతే బరువు ఎనిమిదింతలవుతుంది, గాలికి ఎదురయ్యే తలం నాలుగింతలే అవుతుంది. అందుకే పెద్ద చినుకు దూసుకుపోతుంది, చిన్నది ఆగిపోతుంది.

ఒత్తిడి పెంచితే దూరం పెరుగుతుందని అందరూ అనుకునేది ఇక్కడే తప్పుతుంది. మా మేనకోడలి ఇంటి పంపుకు గేజీ పెడితే 70 చూపించింది. 30కి బదులు 70 ఉంటే నీళ్ళు వర్గమూలం లెక్కన ఒకటిన్నర రెట్లు పోతాయి. నెల తిరిగేసరికి బిల్లులో అది కనిపిస్తుంది. దూరం మాత్రం పెరగలేదు, ఎక్కువ ఒత్తిడికి చినుకులు మరింత చితికి పొగమంచయ్యాయి. మిల్లీమీటరు చినుకు సెకనుకు 4 మీటర్ల వేగంతో కిందపడుతుంది. దానిలో పదోవంతు తుంపర సెకనుకు పాతిక సెంటీమీటర్లకు కాస్త పైన. మీటరు ఎత్తునుంచి నేలకు రావడానికి పెద్ద చినుకుకు పావు సెకను పడితే ఈ తుంపరకు నాలుగు సెకన్లు. గంటకు 15 కిలోమీటర్ల గాలి వీస్తుంటే మొదటిది మీటరు పక్కకు జరుగుతుంది, రెండోది పక్కింటివాళ్ళ గులాబీలకు పోతుంది, పోయేలోగా ఆవిరి కాకపోతే. స్ప్రింక్లర్ చుట్టూ పొగలా కనిపిస్తే అది అందం కాదు, ఒత్తిడి ఎక్కువైందనడానికి గుర్తు. దీనికి మందు గొట్టంలోనే ఉంది. ఒత్తిడిని 30కో 40కో దించి నాజిల్‌కు అందించే గొట్టాలు దొరుకుతాయి. నాలుగు డాలర్లు ఎక్కువైనా అవే కొనమంటాను.

మనవైపు కథ తలకిందులు. హైదరాబాదులో రెండంతస్తుల ఇంటి మీద ట్యాంకు నేలనుంచి పది మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. కింద పంపులో 14 పిఎస్‌ఐ వస్తుంది. పైపుల రాపిడికి అందులో మళ్ళీ తరుగు. 15 అడుగుల నాజిల్ 15 పిఎస్‌ఐ దగ్గర 11 అడుగులే చిమ్ముతుంది, అదీ నడుమ బోలుగా, అంచున కాస్త వలయంలా. ఆన్‌లైన్‌లో తెప్పించిన నాజిల్ ఇంట్లో బిగించి ‘చైనా సరుకు’ అని తిట్టుకునేవాళ్ళను చూశాను. తప్పు సరుకుది కాదు. ప్రెజర్ పంపు పెట్టుకోవాలి, లేదంటే మొహమాటం లేకుండా పైపు పట్టుకుని తడుపుకోవాలి. నాలుగు కుండీలూ మంచమంత పచ్చికా ఉన్నవాళ్ళకు నేను రెండోదే చెబుతాను.

పెద్ద స్థలాలకు వాడే తిరుగుడు స్ప్రింక్లర్లది ఇంకో తంటా. వీటిల్లో లోపల పళ్ళచక్రాలుంటాయి. ఒకే ధార, నెమ్మదిగా తిరుగుతూ పది మీటర్ల అవతలికి కొడుతుంది. కొన్నప్పుడు దానితోపాటు ప్లాస్టిక్ కొమ్మకు కాయల్లా అతుక్కున్న నాజిళ్ళ గుత్తి ఇస్తారు, ఒక్కోదాని మీద ఒక్కో అంకె. అది చూసి చాలామంది విడిభాగాలేవో అనుకుని పారేస్తారు. పెట్టెలోంచి తీసినప్పుడు ఏ నాజిల్ ఉంటే అదే అన్ని చోట్లా ఉంటుంది. ఇప్పుడు మూలన ఉన్నది 90 డిగ్రీల మధ్య అటూ ఇటూ ఊగుతుంటుంది. నడుమ ఉన్నది చుట్టూ తిరుగుతుంది. రెండింట్లోనూ ఒకే రంధ్రం, ఒకే నీళ్ళు. మూలది పావు నేలకే అన్ని నీళ్ళూ పోస్తుంది కాబట్టి అక్కడ నాలుగింతల వాన. మూలలు బురద, నడుమ ఎండు. గుత్తిలోంచి మూలకు 1, అంచుకు 2, నడిమికి 4 తుంచి పెడితే సరిపోయే పని. ఈ రకాన్నీ విసనకర్ర రకాన్నీ ఒకే కవాటం కింద కలపడం అంతకన్నా పెద్ద తప్పు. విసనకర్రది గంటకు 40 మిల్లీమీటర్లు, తిరుగుడుది 10, 15. రెండూ ఒకేసారి తెరుచుకుంటాయి, ఒకేసారి మూసుకుంటాయి. ఏ నిమిషం దగ్గర ఆపినా ఒకడికి అజీర్ణం, ఒకడికి ఆకలి.

నెమ్మదిగా తిరగడం అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. గిరగిరా తిరిగే స్ప్రింక్లర్‌లో ధార వెనక్కి వంగి తొందరగా చితుకుతుంది, దూరం పోదు. నిదానంగా తిరిగితేనే ధార నిటారుగా సాగుతుంది. దీన్ని చవగ్గా సాధించినవాడు కాలిఫోర్నియాలో గ్లెండోరా ఊరి నిమ్మ, నారింజ తోటల రైతు ఆర్టన్ ఎంగిల్‌హార్ట్. 1933లో ఆయన ధారకు అడ్డంగా స్ప్రింగు బిగించిన చెయ్యి ఒకటి పెట్టాడు. ధార దాన్ని పక్కకు తంతుంది, స్ప్రింగు వెనక్కి లాగుతుంది, తిరిగొచ్చిన చెయ్యి గొట్టాన్ని తట్టి ఓ రవ్వ జరుపుతుంది. 1935లో పేటెంటు వచ్చింది. పొరుగువాళ్ళు క్లెమెంట్, మేరీ లఫెట్రా దంపతులు తమ కొట్టంలో దాన్ని తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. రెయిన్ బర్డ్ కంపెనీ పుట్టుక అది. అనంతపురం వేరుశనగ చేలల్లో పైపులు మార్చుకుంటూ తుంపర సేద్యం చేసే రైతుకు ఆ టక్ టక్ టక్ శబ్దం చిరపరిచితం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్య పథకం 2003లో మొదలయ్యాక ఆ చప్పుడు మరిన్ని చేలకు పాకింది.

మళ్ళీ మా మేనకోడలి వాకిలికి. ఊహలతో పని లేదు, కొలుద్దాం అన్నాను. స్ప్రింక్లర్ తడి సమంగా ఉందో లేదో డబ్బాలు పెట్టి కొలవడాన్ని శాస్త్రంగా తీర్చినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జె.ఇ. క్రిస్టియన్‌సన్. 1942లో ఆయన ప్రకటించిన సమానతా గుణకాన్ని ఇంజనీర్లు నేటికీ వాడుతున్నారు. అమెరికావాళ్ళు దీనికి ఖాళీ ట్యూనాచేపల డబ్బాలు వాడమంటారు. మా వాళ్ళింట చేపల డబ్బాలెక్కడివి? గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్టులుగా పంచగా మిగిలిన స్టీలు డబ్బాలు అటక మీద ఉన్నాయి, సరిగ్గా పదహారు. గోడలు నిటారుగా ఉండి అన్నీ ఒకే కొలతైతే చాలు, శాస్త్రానికి చేప వాసనతో పని లేదు. పచ్చిక నిండా వరసలుగా పేర్చి పది నిమిషాలు నీళ్ళు వదిలి స్కేలు పెట్టి కొలిచాం.

పదహారింటి సగటు 6 మిల్లీమీటర్లు. ఒక డబ్బాలో 11, ఎండిన చాప మీది డబ్బాలో 2. అన్నిటికంటే తక్కువ పడ్డ నాలుగూ వరసగా 2, 3, 3, 4. వాటి సగటు 3. తక్కువపడ్డ పావు భాగం సగటును మొత్తం సగటుతో భాగిస్తే తడి సమానత వస్తుంది. ఇక్కడది సరిగ్గా సగం. ఈ అంకె చూపించి మా మేనకోడలిని కాగితం తెమ్మన్నాను. ఎండాకాలం ఈ గడ్డికి వారానికి అంగుళం నీరు కావాలి. డాలస్ నగరంలో వారానికి రెండు రోజులకు మించి స్ప్రింక్లర్లు తిప్పకూడదు, చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇలాంటి కట్టడులే. విడతకు 12 మిల్లీమీటర్లనుకుందాం. ఆ ఎండు మూలలకు 12 అందాలంటే నలభై నిమిషాలు తిప్పాలి. అప్పటికి పచ్చిక మొత్తం మీద సగటున 24 పడుతుంది. సగం నీరు దండగ. అదీ నేల మొత్తం తాగగలిగితే. గంటకు 36 మిల్లీమీటర్ల వడిన పడుతున్న నీటిని రేగడి తాగదు గనక కాలువలోకి పోయేది అంతకంటే ఎక్కువ. అమెరికాలో ఇళ్ళు వాడే నీటిలో దాదాపు మూడోవంతు ఇలా తోటలకూ పచ్చికలకూ పోతుందని ఆ దేశపు పర్యావరణ సంస్థ అంచనా.

తప్పు నాజిళ్ళు రెండూ మార్చితే చాప పచ్చబడేది. సమానత పెరిగేది. కానీ జడివాన జడివానగానే ఉండేది. అందుకని ఆరూ పీకేసి మూడో రకం పెట్టమన్నాను. వీటిని తిరుగుడు నాజిళ్ళంటారు. పొర ఉండదు, వేళ్ళు చాచినట్టు సన్నటి ధారలు చాలా వస్తాయి, అవన్నీ కలిసి మెల్లగా తిరుగుతాయి. వేగం పెరగకుండా లోపలి చిక్కటి ద్రవం బ్రేకులా పట్టి ఉంచుతుంది. ధారల్లోంచి వచ్చే చినుకులు పెద్దవి, గాలికి లొంగవు. కురిసేది గంటకు 10 మిల్లీమీటర్ల చిల్లర, అంటే పాతవాటిలో నాలుగోవంతు. అంటే ముసురు. కోణం ఎంత తిప్పుకున్నా, దూరం కాస్త తగ్గించినా వాన వడి మారకుండా చేశారు. పాత రకంలో కోణం తిప్పుకునేవి ఉన్నాయి గానీ వాటి తడి నాకెప్పుడూ నచ్చలేదు, అంచుల్లో చారలు చారలుగా పడుతుంది. తిరుగుడు వాటికి 40, 45 పిఎస్‌ఐ కావాలి. 70 ఉన్న ఇంట్లో అది చిక్కు కాదు, ఒత్తిడి దించే గొట్టాలు పెడితే సరి. ట్యాంకు నీళ్ళ ఇళ్ళకు పంపు లేనిదే ఇవి కదలవు. జల్లెడ బుట్ట ఒకటి కింద ఉంటుంది, నీళ్ళలో ఇసుక వచ్చేచోట నెలకోసారి కడగకపోతే ధారలు మూగబోతాయి.

ఇంకో లాభం పైపులో ఉంది. ఇంటి పైపు కింద ఇరవై లీటర్ల బకెట్ పెట్టి చూస్తే అరనిమిషంలో నిండింది, అంటే నిమిషానికి 40 లీటర్లు. 14 లీటర్లు తాగే నిండు నాజిళ్ళు దీని మీద రెండుకు మించి ఆడవు. మూడోది పెడితే ఒత్తిడి పడిపోయి మూడూ చతికిలబడతాయి. మూడున్నర లీటర్లు తాగేవైతే పది ఆడతాయి. బోరు చిన్నదైన చోట, పాత పైపులున్న చోట ఇది తవ్వకం ఖర్చు మిగిలిస్తుంది.

బిగించాక మా మేనకోడలు టైమర్ ముందు నిలబడి, "ఎంతసేపు పెట్టను?" అంది. గంటన్నర అన్నాను. "గంటన్నరా! బిల్లు నువ్వు కడతావా మామయ్యా?" అని నడుం మీద చేతులు పెట్టుకుంది. మళ్ళీ డబ్బాలు పేర్చాం. నలభై నిమిషాలకు సగటు 7 మిల్లీమీటర్లు పడింది. తక్కువపడ్డ నాలుగు డబ్బాల్లో 4, 5, 6, 6. ఆ 4 మిల్లీమీటర్లు పడిన డబ్బా ఉన్నది ఓక్ చెట్టు మొదలు వెనక, దాన్ని ఏ నాజిలూ దాటలేదు. సమానత సగం నుంచి ముప్పావుకు వచ్చింది. ఎండు మూలకు 12 అందడానికి తొంభై నిమిషాలు తిప్పినా పచ్చిక మొత్తం మీద పడేది సగటున 16. ఇంతకుముందు నలభై నిమిషాలకు పడింది 24. రెండింతలకు పైగా సేపు తిరిగి మూడోవంతు నీళ్ళు మిగిలించింది. మా మేనకోడలి మనసులో టైమర్ అంకెకూ నీటి మీటరు అంకెకూ మధ్య ఉన్న చుట్టరికం అప్పుడు తెగింది. గంటకు 10 కూడా రేగడికి ఎక్కువే గనక ఆ గంటన్నరనూ అరగంట చొప్పున మూడు విడతలు చేసి మధ్య గంటేసి విరామం పెట్టాం, మట్టి మింగడానికి.

మిగిలింది గరాజు గోడకూ కంచెకూ మధ్య మూడడుగుల పట్టీ. అక్కడ రెండు నాజిళ్ళుండి గడ్డికంటే గోడను ఎక్కువ తడిపేవి. రెండు పక్కలా కాలిబాటో బండిదారో ఉండి నాలుగడుగులకన్నా ఇరుకైన పట్టీల్లో కొత్తగా పైనుంచి చిమ్మే నాజిళ్ళు పెట్టకూడదని టెక్సాస్ నిబంధనే ఉంది. ఆ రెండింటికీ మూతలు బిగించి ఒకదాంట్లోంచి బిందు సేద్యపు పైపు లాగాం. గరిక పీకేసి మా మేనకోడలు అక్కడ గోంగూర విత్తనాలు చల్లింది. నేను విమానం ఎక్కేనాటికి రెండాకులు వేసింది. కాలనీ సంఘంవాళ్ళ దగ్గర్నుంచి అభ్యంతరం చెబుతూ ఇంకా ఉత్తరం రాలేదు.